ఈపురుపాలెంలో బియ్యం బేరం

పట్టుచీర కొనాలంటే పది దుకాణాలు ఎక్కి దిగుతాం. బంగారం కొనాలంటే తిథీ వారం చూస్తాం. ఏడాది పొడుగునా తినే బియ్యం దగ్గరకు వచ్చేసరికి మాత్రం, "ఎప్పుడూ తెచ్చే బొమ్మ సంచే పంపించవయ్యా" అని కొట్టువాడికి కబురు చేసి ఊరుకుంటాం. ఆ సంచి మీద పక్షి బొమ్మో పువ్వు బొమ్మో ఉంటుంది, బరువుంటుంది, ధర ఉంటుంది. లోపలిది ఏ వంగడం, ఏ కాలువ కింద పండింది, ఏ ఏటి పంట అన్న మూడు సంగతులు మాత్రం చాలా సంచుల మీద కనబడవు.

ఈ మూడూ చూడకుండా డబ్బు సంచి విప్పనివాళ్లు ప్రపంచంలో ఉన్నారు. ఫ్రాన్సు, ఇటలీ, స్పెయిను దేశాల గృహస్థులు భోజనంలోకి ఎర్ర వైను కొనేటప్పుడు సరిగ్గా ఇవే ప్రశ్నలు వేస్తారు. వైను మాట వినగానే ముఖం చిట్లించుకోకండి. తాగమని చెప్పడం లేదు. వారు కొనే పద్ధతి కాస్త చూడమంటున్నాను. పైగా మన పిల్లలు ఇప్పుడు లండనులోనూ పారిసులోనూ కాపురాలు చేస్తున్నారు. మనం పండ్లు పట్టుకువెళ్లినట్టు, భోజనానికి పిలిచినవారింటికి అక్కడ ఒక సీసా పట్టుకువెళ్లడం మర్యాద. వారికీ ఈ ముక్క పనికి వస్తుంది.

వారు మొదట చూసేది ద్రాక్ష జాతి. కాబెర్నే సోవిన్యోఁ అనే జాతికి వగరు జాస్తి, నిలవకు ఆగుతుంది. మెర్లో మెత్తన. పీనో న్వార్ రంగులో పలచన, సాగులో సుకుమారం, ధరలో గడుసు. గ్రెనాష్ ఎండలకు ఓర్చుకునే జాతి. స్పెయినులో దాన్నే గార్నాచా అంటారు. రెండవది సీమ: బోర్డో, బుర్గుండీ, రోన్ లోయ, రియోహా. మూడవది పండిన ఏడు. బోర్డోలో 2009, 2010, 2016 మంచి ఏళ్లని పేరు. 2013లో చలీ వానా కలిసి పంటను దెబ్బ తీశాయి.

ఇందులో ఒక తమాషా ఉంది. 1855లో పారిస్ ప్రదర్శన కోసం బోర్డో దళారులు ఆనాటి ధరలను బట్టి అక్కడి తోటలకు తరగతులు కట్టారు. ఎర్ర వైనుల మొదటి తరగతిలో నాలుగే తోటలు. ఐదవ తోట అందులోకి ఎక్కడానికి 1973 దాకా పట్టింది. అంటే, నూట డెబ్బై ఏళ్లనాటి పట్టికకు ఇప్పటికీ జనం సొమ్ము చెల్లిస్తున్నారన్నమాట. తెలివైన గృహస్థు ఆ పట్టిక జోలికి పోడు. పెద్ద పేరుకు పక్కింట్లో ఉన్న చిన్న పేరును పట్టుకుంటాడు. పోమరోల్ బదులు దాని పొరుగునే ఉన్న ఫ్రోన్సాక్, షాటోనఫ్ ద్యు పాప్ బదులు కోట్ ద్యు రోన్ విలాజ్, రియోహాలో గ్రాన్ రిజర్వా బదులు పీపాలో కనీసం ఏడాది ఊరిన క్రియాన్సా. ఏడు మంచిదైతే చిన్న పేరు కొంటాడు. ఏడు చెడ్డదైతే నమ్మకమైన చెయ్యి చూసి కొంటాడు. ఇంతే రహస్యం.

ఈ లెక్క బియ్యానికి ఎలా వర్తిస్తుందో చూడాలంటే అంత దూరం పోనక్కరలేదు. ఆంధ్రా ప్యారిస్ అని ముద్దుపేరున్న తెనాలిలో బండి ఎక్కి చీరాల వైపు కూర్చుంటే చాలు. రెండు పక్కలా కృష్ణ పశ్చిమ డెల్టా పరుచుకుని ఉంటుంది. ఆచార్య రంగా పుట్టిన నిడుబ్రోలు, ఆ తరువాత అప్పికట్ల, ఆపైన బాపట్ల. కార్తీకమాసంలో వెళ్తే కిటికీలో నుంచి ఎటు చూసినా కంకి బరువుకు ఒరిగిన సార్వా చేలే. కోత అయ్యేలోగా ఆ చేలల్లోనే మినుములు చల్లుతారు. వరి మొదళ్ల మధ్య మినుము మొలకలు తల ఎత్తుతుంటాయి.

మొదటి ప్రశ్నకు జవాబు బాపట్లలో ఉంది.

బజారులో అందరం "బీపీటీ బియ్యం" అంటాం. ఆ మూడక్షరాలూ బాపట్ల పేరుకు పొట్టి రూపమని తెలియకుండానే అంటాం. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లో పెట్టారు. అక్కడి వరి పరిశోధకులు తయారు చేసిన బీపీటీ 5204, అనగా సాంబమసూరి, 1986లో విడుదలైంది. దాని వంశవృక్షం చూస్తే ముచ్చట వేస్తుంది. కోయంబత్తూరు పరిశోధనా కేంద్రంలో 1921లో వెలువడిన జీఈబీ 24 అనే సన్నరకం ఒకటి. తైవాను నుంచి వచ్చిన పొట్టి వరి తైచుంగ్ నేటివ్ 1 ఒకటి. మలేషియాలో 1965లో విడుదలైన మసూరి ఒకటి. ఆ మసూరి అన్న పేరు లంకావి ద్వీపంలో కథలుగా చెప్పుకునే ఒక సాధ్విది. తమిళ సన్నదనం, తైవాను పొట్టితనం, మలయా రుచి కలిసి బాపట్లలో పుట్టిన బిడ్డ ఇది.

"సోనా మసూరి" అన్న పేరు కూడా బాపట్లదే. సోనా, మసూరి రకాలను కలిపి తీసిన బీపీటీ 3291 అసలు సోనా మసూరి. ఇప్పుడు సంచుల మీద "సోనా" అని కనిపించేవన్నీ అదే అనుకుంటే పొరపాటు. చాలా వాటిలో ఉండేది 5204, లేదా దాని పోలికలున్న మరో సన్నరకం. మార్టేరు కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, ధరలో చవక. గింజ కాస్త లావు, కానీ కడుపు నింపే ధాన్యం. ఒరిస్సా, బెంగాలు దాకా దాన్ని పండించి తింటున్నారు. తెలంగాణ సోనా అనే ఆర్ఎన్ఆర్ 15048 ఇంకా సన్నం, త్వరగా పంటకు వస్తుంది. నెల్లూరువారి మొలగొలుకుల మాట ఎత్తితే ఇప్పటికీ పాతవారి కళ్లు మెరుస్తాయి.

5204కు రుచి ఉంది, పేరుంది. ఒక బలహీనతా ఉంది. చేతికి రావడానికి సుమారు నూట యాభై రోజులు కావాలి. ఆకు ఎండు తెగులుకు తేలిగ్గా లొంగుతుంది. హైదరాబాదులోని వరి పరిశోధనా సంస్థా, సీసీఎంబీ కలిసి ఆ తెగులును తట్టుకునే మెరుగైన సాంబమసూరిని తయారు చేశాయి. అది 2008లో విడుదలైంది. అన్నం తిన్న తరువాత రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకనీయని గుణం దానికి ఉన్నదని తేలడంతో, మధుమేహం ఉన్న ఇళ్లలో దాన్ని పేరు పెట్టి అడుగుతున్నారు. వంగడం పేరు తెలిసి ఉండడం వల్ల లాభం ఇలాంటిది. బొమ్మ పేరు తెలిస్తే ఈ లాభం రాదు.

ఇక రెండవది, నేల.

బోర్డో దళారులు తరగతుల పట్టిక కట్టిన ఆ 1855లోనే బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చింది. అక్కడ వదిలిన నీరు కొమ్మమూరు కాలువలో పడి దుగ్గిరాల నుంచి దక్షిణంగా నడిచి, పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువను కలుస్తుంది. ఒకనాడు ఆ దారిలో పడవల మీద సరుకు చెన్నపట్నం దాకా పోయేది. ఎగువన ఉన్న చేలకు నీరు ముందు అందుతుంది. చివరి భూములకు ఆలస్యంగా అందుతుంది. నీరు ఆలస్యమైతే నాటు ఆలస్యం, నాటు ఆలస్యమైతే కోత ఆలస్యం. ఈ ఆలస్యం సంగతి గుర్తుంచుకోండి, మూడవ ప్రశ్నలో పని ఉంది. సముద్రం దగ్గరయ్యే కొద్దీ నల్లరేగడి పోయి చవుడూ ఇసుకా వస్తాయి. ఒకే విత్తనం చల్లినా, తెనాలి రేగడిలో ఒక తీరుగా, రేపల్లె దిగువన ఉప్పు తగిలే నేలలో ఒక తీరుగా పండుతుంది.

అయినా పేరు మాత్రం కర్నూలుది. కేసీ కాలువ కింద పండిన సన్నబియ్యాన్ని "కర్నూలు సోనా" అని ప్రత్యేకంగా అడిగి తెచ్చుకుంటారు. అక్కడ పండేదీ ఎక్కువగా ఈ 5204 సంతతే. ఆ బియ్యం మంచిదే, కాదనను. కానీ విత్తనం పుట్టిన ఊళ్లో, రేగడి నేలలో, సకాలంలో నీరంది పండిన బియ్యం, ఊరు పేరు లేకుండా ఏదో సంచిలో కలిసిపోతుంది. షాటోనఫ్ పక్కన కోట్ ద్యు రోన్ ఉన్నట్టు, కర్నూలు పేరు పక్కన పొన్నూరు, అప్పికట్ల చేలు ఉన్నాయి. పెద్ద పేరుకు పోసే సొమ్ము మిగుల్చుకోదలచినవారు ఇటు చూడవచ్చు.

మూడవది ఏడు. దీన్ని మనవాళ్లు బొత్తిగా మరిచిపోయారు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అది కోతల కాలం. కోసిన పనలు చేలల్లో ఉన్నాయి, కుప్పలు కల్లాల్లో ఉన్నాయి, కోయని చేలు నిలువునా ఉన్నాయి. అన్నీ నీళ్ల పాలయ్యాయి. ఎగువన ముందే కోసి ఇంటికి చేర్చుకున్నవాడు బతికి బయటపడ్డాడు. నీరు ఆలస్యంగా అందిన చివరి రైతు చేను ఆ రోజుకు చేలోనే ఉంది. తడిసిన ధాన్యం రంగు మారుతుంది, మొలక వేస్తుంది. మరలో పోస్తే గింజ నిలవక నూక అవుతుంది. మరుసటి ఏడు మరో రకం. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి మీదుగా పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. కృష్ణ ఒడ్డున ఉన్న లంక గ్రామాలు మునిగిపోయాయి.

ఇన్ని జరిగినా దుకాణంలో రెండే మాటలు: కొత్తవి, పాతవి. పాతవయితే మంచివని మన నమ్మకం. ఏ ఏటి పాతవి? తుఫానులో తడిసిన గింజను ఏడాది దాచినంత మాత్రాన అది తడవని గింజ అవుతుందా?

ఈ ప్రశ్న వేయగలవాళ్లను చూడాలంటే బాపట్ల నుంచి ఇంకొంచెం ముందుకు పోవాలి. స్టువార్టుపురం దాటితే, చీరాల ఇంకా రాకముందే, ఈపురుపాలెం. డెల్టా మురుగునీటిని సముద్రంలోకి చేర్చే స్ట్రెయిట్ కట్ కాలువకు ఈ ఊరి పేరే. ఇటు రైలు, అటు కత్తిపూడి నుంచి ఒంగోలు పోయే 216 నంబరు జాతీయ రహదారి. ఊళ్లో వీధి తిరిగితే మగ్గం చప్పుడు వినిపిస్తుంది. చుట్టూ వరి పండే సీమే గాని, నేతగాడు పండించుకునేవాడు కాదు, కొనుక్కుని తినేవాడు. మజూరీ డబ్బు చేతిలో పడగానే ముందు బియ్యం లెక్క చూసుకునేవాడు. అందువల్ల ఇక్కడి ఇల్లాళ్లను మోసపుచ్చడం సులువు కాదు.

మగ్గం పక్కన కండెలు చుట్టుకుంటున్న ఒక పెద్దావిడను, "ఏ బియ్యం తెస్తారమ్మా?" అని అడిగాము.

"రెండు రకాలు తెస్తామయ్యా. కొత్తవి గంజికి, పాతవి కంచానికి," అన్నది.

పడుగు నూలు బిగువుగా నిలవడానికి గంజి పెట్టాలి గదా. కొత్తబియ్యం ఉడికితే పిండి అంతా నీళ్లలోకి దిగి జిగురు గంజి వస్తుంది; నూలుకు అది బాగు. అదే అన్నం కంచంలో ముద్ద కడుతుంది. పాతబియ్యం పిండి వదలదు, నీరు పీల్చుకుంటుంది, మెతుకు మెతుకు విడివిడిగా ఉంటుంది, గిన్నె నిండా ఒదుగుతుంది. నిలవలో గింజ లోపలి పిండీ మాంసకృత్తులూ గట్టిపడడం వల్ల ఇలా అవుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో చూసినదాన్ని ఈపురుపాలెం ఇల్లాలు గంజి గిన్నెలో చూసింది.

"సంచి మీద పాతవని రాసుంటే నమ్ముతారా?" అన్నాము.

"వండుకునేది సంచిని కాదు గదయ్యా!" అని నవ్వి, ఆవిడ పరీక్ష చేసి చూపించింది. గుప్పెడు బియ్యం అరచేతిలో పోసుకుని మొదట వాసన చూసింది. ముక్కవాసన వస్తే నిలవలో తేమ తగిలినట్టు. తరువాత వెలుగులోకి పట్టింది. కాస్త మీగడ రంగు తిరిగితే పాతవి. పసుపు మచ్చలూ నల్ల మూతులూ ఉంటే తడిసిన ధాన్యం. నూకలు ఎన్ని ఉన్నాయో వేలితో కదిపి చూసింది. ఆఖరుకు రెండు గింజలు నోట వేసుకుని కొరికింది. కటుక్కున విరిగితే పాతవి, మెత్తగా నలిగితే కొత్తవి. ఇంత చేసినా ఆవిడ సంచి ఎత్తించుకోదట. కిలో తెచ్చి ఒక పూట వండి, బాగుంటేనే బస్తా.

ఇందులో ఒక కిటుకు మాత్రం కొరికినా తెలియదు. ఇప్పుడు మరల్లో ధాన్యానికి కొద్దిసేపు ఆవిరి పట్టి, ఆ తరువాత బియ్యం ఆడిస్తున్నారు. బజారులో దాన్ని స్టీమ్ బియ్యం అంటారు. ఆవిరి తగిలిన కొత్తగింజ కూడా అంటుకోకుండా ఉడుకుతుంది, పాతబియ్యం నటిస్తుంది. అది తప్పని కాదు. స్టీమ్ అని చెప్పి, స్టీమ్ ధరకు అమ్మితే పేచీ లేదు. పాతబియ్యం ధరకు అమ్మితేనే పేచీ. వైను లోకంలోనూ ఇదే కథ. కొయ్యపీపాలో ఏళ్ల తరబడి ఊరాల్సిన రుచిని కొయ్యముక్కలు వేసి త్వరగా తెప్పించే పద్ధతిని ఐరోపా 2006లో అనుమతించింది. పీపా ఖరీదు ఇచ్చేముందు అది పీపా రుచో, ముక్కల రుచో అడిగి తెలుసుకోవడం కొనేవాడి పని.

ఇప్పుడు గృహస్థు లెక్క చూద్దాం. పాతబియ్యానికి ఎక్కువ ధర ఎందుకు? ఏడాది పాటు వ్యాపారి పెట్టుబడి కదలదు, గిడ్డంగి అద్దె పడుతుంది, తేమ ఆరి తూకం తగ్గుతుంది, పురుగు కొంత తింటుంది. అందుకు కొంత ఎక్కువ అడగడం న్యాయమే. ఎంత ఎక్కువ ఇస్తే గిట్టుతుందో మీ వంటింట్లోనే తేల్చుకోవచ్చు. ఒకే గ్లాసుతో కొత్తవి ఒక గిన్నెలో, పాతవి ఒక గిన్నెలో వండండి. అన్నాన్ని అదే గ్లాసుతో కొలవండి. అన్నం ఎంత ఎక్కువ వచ్చిందో, ధరలో అంత తేడా వరకు పాతబియ్యం చవక కిందే లెక్క. అంతకు మించి ఇచ్చేది మెతుకుల అందానికి.

ఇంట్లో చోటు ఉన్నవారికి ఇంకో దారి ఉంది. సంక్రాంతి వెళ్లాక, కొత్తధాన్యం బజారుకు వచ్చి ధర మెత్తబడినప్పుడు, వంగడమూ ఊరూ తెలిసిన చోట కొనండి. వెనక మన ఇళ్లలో పురుల్లోనూ గాదెల్లోనూ ధాన్యంగానే దాచేవారు. ఊక ఉన్నంతసేపు గింజ భద్రం. ఆ వీలు లేనివారు బియ్యమే కొని, నీడన ఆరబోసి, వేపాకు వేసి, తేమ తగలని డబ్బాల్లో మూత పెట్టుకోవచ్చు. శ్రావణమాసానికి ఆ బియ్యం నిదానిస్తుంది. అయితే దాచేకొద్దీ మంచిదన్న భ్రమ వద్దు. మామూలు సీసా వైను రెండు మూడేళ్లలో తాగవలసిందే, దాస్తే ఎదగదు. బియ్యమూ అంతే. ఏడాదికి రావలసిన గుణం వచ్చేస్తుంది. ఆ పైన పెరిగేది పురుగు.

సంచి తూకం కూడా ఒకసారి చూడండి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ఉండే ముద్ర వేసిన బియ్యం సంచుల మీద 5 శాతం పన్ను వచ్చింది. దాంతో బజారులో 26 కిలోల సంచులు పుట్టుకొచ్చాయి. ఒక దుకాణంలో 25, ఇంకో దుకాణంలో 26 ఉంటే సంచి ధరలు పోల్చి లాభం లేదు. కిలో ధర కట్టి పోల్చాలి.

చివరిగా, అన్ని ఏళ్లకూ ఒకే సలహా చెల్లదు. వానా కాలువా సమయానికి వచ్చి, తుఫాను తప్పిన ఏడు, పేరు లేని ఊరి సాంబమసూరి కొనండి. పేరున్న సంచికి ఏమీ తీసిపోదు. కోతల్లో తుఫాను పడిన ఏడు మాత్రం రెండు రూపాయలు ఎక్కువైనా, ధాన్యం ముందే ఇంటికి చేరిన ఎగువ ఊళ్ల బియ్యమో, అంతకు ముందు ఏటి నిలవో అడిగి తీసుకోండి. కొట్టువాడు మొదట వింతగా చూస్తాడు. పది ఇళ్లవాళ్లు అదే మాట అడిగితే అతను మరవాడిని అడుగుతాడు. మరవాడు రైతును అడుగుతాడు. అలా అడిగిన నాడు కాలువ చివరన, సముద్రపు గాలిలో, మంచి ఏట మంచి గింజ పండించిన రైతుకు తన ఊరి పేరుతో ధర పలుకుతుంది. ఇప్పుడైతే అతని మంచి ఏడూ, అతని చెడ్డ ఏడూ ఒకే బొమ్మ సంచిలో కలిసిపోతున్నాయి.